మూతిగుడ్డ కట్టుకున్న అయిదు నెలలు

పోయిన నెల ఉప్పల్‌లో ఒక పాత ఇంటిని పడగొట్టే ముందు కొలతలు తీసుకోవడానికి వెళ్ళాను. నా పనే అది. ఇళ్ళు కట్టించే ఒక మేస్త్రీకి ఎన్ని ఇటుకలు, ఎంత ఇసుక, ఎంత ఇనుప సలాక పడుతుందో లెక్క వేసి ఇస్తాను. ఎవరూ నేర్పలేదు, ఏ కాలేజీలోనూ చదవలేదు. సందు మలుపు తిరిగేదాకా అది మేము ఒకప్పుడు అద్దెకున్న ఇల్లేనని నాకు తెలియలేదు. ముందు భాగమంతా మారిపోయింది. వెనక మేమున్న గది మాత్రం అలాగే ఉంది. టేపు పట్టాను. పొడవు పది అడుగులు, వెడల్పు తొమ్మిదిన్నర. మొత్తం తొంభై అయిదు చదరపు అడుగులు. పుస్తకంలో రాసుకున్నాక పెన్ను ఆగిపోయింది. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఈ గదిలో పందొమ్మిది మంది కూర్చున్నారు. అంటే మనిషికి సరిగ్గా అయిదు చదరపు అడుగులు. శేషం లేకుండా తెగిన లెక్క. "ఏందక్కా, కొలత తప్పొచ్చిందా?" అని మేస్త్రీ అడిగాడు. "లేదు, సరిగ్గనే వచ్చింది" అన్నాను. అప్పటికే నా చెయ్యి నాకు తెలియకుండా మూతి మీదికి పోయింది.

మా నాయన పేరు పౌలు. నాచారంలో ఒక మందుల కంపెనీలో గోలీలు కొట్టే మిషను దగ్గర పనిచేసేవాడు. సైకిలు సందులోకి తిరగకముందే ఆయన వాసన వచ్చేది. పొడి పొడిగా, గొంతులో దిగే చేదు వాసన. అమ్మ ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. బోరింగు దగ్గర రెండు బకెట్ల నీళ్ళు పోసుకుని, కంపెనీ బట్టలు వేరే తొట్టిలో వేశాకే లోపలికి రావాలి. ఒకసారి ఆ నియమం తప్పి, చెయ్యి కడుక్కోకుండానే నాకు జామకాయ కోసిచ్చాడు. ముక్కముక్కా చేదే. నాయన చాలా తక్కువ మాట్లాడేవాడు. చర్చిలో అందరూ గొంతెత్తి పాడుతుంటే ఆయన పెదవులు మాత్రమే కదిపేవాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. పొద్దున కిరసనాయిలు స్టవ్వు వాసన, జొన్నరొట్టె మాడిన వాసన, మధ్యాహ్నం కుట్టుమిషను నూనె వాసన. మా ఇంట్లో పొద్దు ఎంతయిందో ముక్కుతోనే చెప్పొచ్చు. ఆ ఏడాది వానాకాలం చివర ఆ వాసనల్లో ఇంకొకటి చేరింది. గిన్నెలో ఉడికే గుడ్డల వాసన.

ముందు జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. గొట్టాల్లాంటి గోలీలు రెండు వారాలు మింగాను. జ్వరం పోయింది. తరవాత కాళ్ళ మీద నీలం మచ్చలు, నోట్లో పుండ్లు మొదలయ్యాయి. పెద్ద దవాఖానలో రక్తం తీశారు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం చూపించింది. మందు పడక రక్తంలో తెల్లకణాలు పడిపోయాయని, ఒంటికి కాపలా ఉండేవి అవేనని చెప్పింది. మొత్తం పదకొండు వందలు. వాటిలో అసలు కాపలా కాసేవి నూటికి ఇరవై. "గుణించు చూద్దాం" అంది. బళ్ళో శాతాలు చెప్పినప్పుడు నాకు తలకెక్కలేదు. చేతకాక ఊరుకున్నాను. ఆమే చేసి చూపించింది. రెండు వందల ఇరవై. "ఇది అయిదు వందల లోపు ఉంటే పక్కవాడి దగ్గు చాలు నిన్ను చంపడానికి. వెయ్యి దాటేదాకా మాస్కు తియ్యకు." అలా శాతాలు నేర్చుకున్నాను. నాకు తెలిసిన లెక్కలన్నిటికీ ఆ లెక్కే మొదలు. అది తప్పితే బతుకు తప్పుతుందని పదిహేనేళ్ళకే అర్థమయింది. ఇప్పటికీ ఏ లెక్కనైనా రెండుసార్లు చేయకుండా ఎవరి చేతికీ ఇవ్వను.

మాస్కులు అప్పట్లో మందుల షాపుల్లో అడిగితే ఎగాదిగా చూసేవాళ్ళు. నాయన తన సూపర్‌వైజర్ని బతిమాలి కంపెనీలో కట్టుకునేలాంటివి రెండు తెచ్చాడు. తెల్లటి నూలు గుడ్డ, నాలుగు మడతలు, నాలుగు నాడాలు. వాటి కొలత చూసి అమ్మ ఇంకో ఎనిమిది కుట్టింది. మొత్తం పది. వాడినదాన్ని సబ్బుతో ఉతికి, ఇరవై నిమిషాలు ఉడకబెట్టి, దుమ్ము పడకుండా గదిలోనే తాడు మీద ఆరేసి, మూతున్న రేకు డబ్బాలో పెట్టేది. ఉడికేటప్పుడు గడియారం చూడడం నా పని. పందొమ్మిదో నిమిషంలో గిన్నె దించబోతే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఇంట్లో ఉన్నంతసేపు బాగానే ఉండేది. వారానికోసారి రక్తం ఇవ్వడానికి ఉప్పల్ నుంచి దవాఖానకు బస్సులో పోవాలి. మొదటి రోజు బస్టాపులో నిలబడగానే మాటలు ఆగిపోవడం విన్నాను. మాటలు ఆగితే కూడా వినబడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. బస్సెక్కగానే కండక్టరు అమ్మను అడిగాడు. "ఏందమ్మా, పిల్లకు టీబీనా? గట్లయితే ఎన్క కిటికీ కాడ కూసోబెట్టు."

"అంటేది కాదు సారూ" అంది అమ్మ.

"అంటేది కాకుంటే మరి గా గుడ్డెందుకు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రెండు స్టాపులు పడుతుంది. అంత టైము ఎవరూ ఇవ్వరు. ముగ్గురు కూర్చునే సీట్లో నేను, అమ్మ, మా పక్కన ఖాళీ. చంకలో పాపతో ఒకామె నిలబడే ఉంది కానీ ఆ ఖాళీలో కూర్చోలేదు. వాళ్ళందరూ నాకు భయపడుతున్నారు. వాళ్ళలో ఎవరికైనా తెలుసా, నేను వాళ్ళకు ఎంత భయపడుతున్నానో? బస్సులో ఎవరు తుమ్మినా మొహం పక్కకు తిప్పేసేదాన్ని. కిటికీ దగ్గరి ముసలాయన గొంతు సవరించుకుంటే ఊపిరి బిగబట్టి ఇరవై దాకా లెక్కపెట్టేదాన్ని. చూపులకు కూడా లెక్క పెట్టుకున్నాను. తల దించుకుంటే ఇంకా ఎక్కువ చూస్తున్నట్టు అనిపించేది. అందుకని ఎవరు ఎన్నిసార్లు చూస్తారో లెక్కించడం మొదలుపెట్టాను. చాలామంది రెండుసార్లు చూస్తారు. మొదటిసారి గుడ్డను, రెండోసారి గుడ్డ పైన కళ్ళను. మూడోసారి చూసేవాళ్ళు తక్కువ. పిల్లలు మాత్రం దిగేదాకా చూస్తారు. అంకెల్లో పెట్టాక చూపు కొంచెం మొద్దుబారేది. భయం పోలేదు. దానికి ఒక పని దొరికింది, అంతే.

ఒక మంగళవారం అంకెలు పని చేయలేదు. బస్సు కిక్కిరిసి ఉంది. అమ్మకు ముందు సీటు దొరికింది, నేను వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. రామంతాపూర్ టీవీ కేంద్రం దగ్గర ఇద్దరు కాలేజీ పిల్లలు ఎక్కారు. "అరే, బ్యాంకు దోసుకునేటందుకు పోతున్నట్టున్నది రా" అన్నాడు ఒకడు. "కాదు రో, మీసాలు మొలిచినయేమో, దాసుకుంటున్నది" అన్నాడు రెండోవాడు. చుట్టుపక్కల నలుగురైదుగురు నవ్వారు. దగ్గర్లో ఉన్న ముసలామె కూడా నవ్వింది. నాకు ఆమె నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. చెయ్యెత్తి గుడ్డను గడ్డం కిందికి లాగాను. మీసాలు లేవని చూపించడానికి. నాలుగు స్టాపులు అలాగే నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. ఒక్కరూ చూడలేదు. మామూలు పిల్లనైపోయాను. ఆ సుఖం ఎంతుందంటే, వెనకాల ఎవరో దగ్గుతున్నా లెక్కపెట్టడం మరిచిపోయాను. దిగేముందు మళ్ళీ పైకి లాక్కున్నాను. అమ్మ చూడలేదు.

మూడో రోజు జ్వరం వచ్చింది. నూటమూడు. దవాఖానలో పదకొండు రోజులున్నాను. కాపలా లెక్క నూట ఇరవైకి పడిపోయింది. ఎనిమిది వందల్లో నూటికి పదిహేను. నేనే గుణించుకున్నాను, అప్పటికి చేతనయింది. డాక్టరమ్మ నాయనను వరండాలోకి పిలిచి ఏదో చెప్పింది. ఆయన తిరిగి వచ్చి నా మంచం పట్టెను పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మాత్రం అందరితో అంటూనే ఉంది. "ఇంత ఉడకబెట్టినా, ఇంత జాగ్రత్త జేసినా ఎట్లొచ్చిందో సూడు. నా చేతులల్లనే ఏదో తప్పున్నది." మాస్కులు సరిగ్గా ఉడకలేదేమోనని తన చేతులనే తిట్టుకునేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. చచ్చిపోతానేమోనన్న భయం ఒకటి, చచ్చేలోగా చెప్పాల్సి వస్తుందేమోనన్న భయం ఒకటి. ఆ రెండిట్లో ఏది ఎక్కువో తూచలేకపోయాను.

బతికి ఇంటికొచ్చాను. మావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. దవాఖాన నుంచి మనిషి ప్రాణాలతో వస్తే ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టాలి. చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడి, ఆ మనిషి తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అమ్మ నా మంచం పక్కనే మొక్కుకుంది. "నలుగురైదుగురు చాలు అయ్యగారూ, గది చిన్నది" అని పాస్టరుగారికి చెప్పి వచ్చింది కూడా. కానీ ప్రేమకు హద్దు పెట్టడం ఎవరి వల్ల అవుతుంది? ఆ సాయంత్రం మా ముగ్గురితో కలిపి పందొమ్మిది మంది అయ్యారు. ఒకామె పాయసం గిన్నెతో వచ్చింది. నేను గోడకు ఆనుకుని, గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. తలుపు మూసుకుపోయింది మనుషులతోనే. పాట మొదలైంది. పద్దెనిమిది నోళ్ళు తెరుచుకున్నాయి. నేను ముక్కులోంచి వీలైనంత తక్కువ గాలి పీలుస్తూ, ఎవరు దగ్గుతున్నారో వెతుకుతూ కూర్చున్నాను.

దగ్గుతున్నది దానమ్మ పెద్దమ్మ. మా కూటాలకు ఆమే పెద్ద. ఒక బడిలో ఆయాగా పనిచేసి మానేసింది. నేను దవాఖానలో ఉంటే నాకోసం మూడు రోజులు పచ్చినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంది. అలాంటి మనిషి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పిడికిలి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గి, అదే చేత్తో నా గడ్డం పట్టుకోబోయింది.

"మార్తమ్మా, ఇంట్ల గూడ గా గుడ్డేందే? తియ్యి. దేవుని ముంగట మొకం దాసుకుంటరా?" అంది నాతో.

"డాక్టరమ్మ తియ్యొద్దన్నది పెద్దమ్మా" అంది అమ్మ.

"డాక్టరమ్మ అన్నది! నీ బిడ్డను ఇంటికి తెచ్చింది డాక్టరమ్మనా, దేవుడా?"

"గుడ్డ తియ్యకుంటే పాయసమెట్ల తాగుతది?" అని పాయసం తెచ్చినామె నవ్వింది. పాస్టరుగారు "పిల్ల భయపడుతున్నది, పోనియ్యండి" అని మెల్లగా అన్నారు కానీ ఎవరూ వినలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. బస్సులో చూపుల్లో భయం ఉండేది. ఇక్కడి చూపుల్లో ప్రేమ ఉంది, కొంచెం నొచ్చుకోవడం కూడా ఉంది. ఇవే ఎక్కువ బరువు. అమ్మ మొహం చూశాను. ఆమె కూడా వంగిపోతోందని తెలిసిపోయింది.

"జర సేపే బిడ్డా" అంది అమ్మ. "ప్రార్థన అయినంక మళ్ళ కట్టుకో."

దానమ్మ పెద్దమ్మ వేళ్ళు నా తల వెనక ముడిని వెతుకుతున్నాయి. ఆమె ఊపిరి నా నుదుటికి వెచ్చగా తగిలింది. "ముట్టకు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "తియ్యను. మొన్న బస్సుల తీసిన. పోరలు నవ్విన్రని తీసిన. నాలుగు స్టాపులు. అందుకే జ్వరమొచ్చింది. అమ్మ ఉడకబెట్టుడు తప్పు గాదు. నేనే తీసిన."

పాట పాడినప్పుడు కూడా ఆ గది అంత నిండుగా అనిపించలేదు. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నాయన ఎప్పుడు లేచాడో తెలియదు, పీట మీది రేకు డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల తొమ్మిది ఉన్నాయి. నాది పదోది. ఒక్కొక్కటే లెక్కపెట్టి చేతిలో పెట్టుకున్నాడు. అంతమందిలో ఆయన మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

"పెద్దమ్మా, మా మిషన్ కాడికి మేనేజర్ వచ్చినా గీ గుడ్డ కట్టుకునే వస్తడు. ఆయనకేం రోగం? ఏం లేదు. మన నోటి గాలి గోలీ మీద పడొద్దని. ఇరవై ఏండ్ల సంది నేను గోలీలకు కావలున్న. నా బిడ్డ గోలీ కన్న తక్కువనా?"

చేతిలోని గుడ్డలు పైకెత్తి చూపించాడు. "తొమ్మిది గుడ్డలున్నయి. తొమ్మిదిమంది కట్టుకొని లోపల ఉండుండ్రి. కడమోళ్ళు తప్పుగ అనుకోవద్దు, బయట కిటికీ కాడ నిలవడుండ్రి." మొదటి గుడ్డ పాస్టరుగారికి ఇచ్చాడు. ఆయన కళ్ళజోడు తీసి కట్టుకుని మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. అద్దాల మీద ఆవిరి పట్టింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ గుడ్డల కోసం చేతులు చాచారు. దానమ్మ పెద్దమ్మ మాత్రం చాచలేదు. నేల మీద చెయ్యి ఆనించి లేచింది. అలిగి వెళ్ళిపోతోందనుకున్నాను. బయటికి పోయి కిటికీ ఊచల దగ్గర నిలబడి, "నాకు దగ్గున్నది గదా, ఈడనే ఉంట. దేవునికి గోడ అడ్డమా ఏంది" అని చెయ్యి ఊచల్లోంచి లోపలికి చాపింది. ఆ చెయ్యికీ నా తలకూ మధ్య ఆరడుగులైనా ఉంటుంది. ప్రార్థన ముగిసేదాకా ఆ చెయ్యి దించలేదు.

ఆ తరవాత ఏడు రోజులు పొద్దునా సాయంత్రం థర్మామీటరు పెట్టుకున్నాను. పద్నాలుగు అంకెలు. ఒక్కటీ తొంభై తొమ్మిది దాటలేదు. అమ్మ మూడో రోజు తల దువ్వుతూ అడిగింది. "నాలుగు స్టాపులేనా?"

"నాలుగే."

"గా పోరగాళ్ళ మొకాలు గుర్తున్నయా?"

"లేవు."

"నువ్వు గూడ వాళ్ళకు గుర్తుండవే. ఎవలికీ గుర్తుండని సూపు కోసం పానం దీసుకుంటవా?" అని జడ కొంచెం గట్టిగానే లాగింది. అంతకు మించి తిట్టలేదు.

ఈ మధ్య లోకమంతా మూతిగుడ్డలు కట్టుకున్న రోజుల్లో నాచారం నుంచి షేర్ ఆటోలో వస్తూ ఈ సంగతులన్నీ తలుచుకునేదాన్ని. ఏడుగురు ఎక్కిన ఆటోలో ఏడుగురికీ గుడ్డలు. గడ్డం కిందికి లాక్కున్నవాణ్ణే అందరూ గుర్రుగా చూసేవాళ్ళు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఇలా ఒక్క రోజు ఉండి ఉంటే ఆ నాలుగు స్టాపులు ఉండేవి కావు. గుడ్డ కట్టుకున్నవాళ్ళకు రోగం ఉండొచ్చు, ఎదుటివాళ్ళ రోగానికి వాళ్ళు భయపడుతూనూ ఉండొచ్చు. ఇది ఇప్పుడు పసిపిల్లలకూ తెలుసు. అప్పుడు ఉప్పల్ మొత్తంలో మా నాయనకొక్కడికే తెలుసు, అదీ గోలీల వల్ల. మనుషులు మంచివాళ్ళయ్యారని నేననుకోను. భయం అందరికీ సమానంగా పంచబడింది, అంతే. ఎవరి మీద ఎంత భారం పడిందన్నది వేరే లెక్క. అది నా చేతకాదు. ఎందుకంటే ఆ చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది ఎండలు ముదిరేనాటికి నా లెక్క పదమూడు వందల నలభై నాలుగుకు వచ్చింది. డాక్టరమ్మ మాస్కు తీసేయమంది. పదో తరగతి పరీక్ష ఆ ఏడు పోయింది కానీ ప్రాణం నిలిచింది. మరో నెల తరవాత, చివరి రక్తపరీక్షకు అమ్మ నన్ను ఒంటరిగా బస్సెక్కించింది. ముఖానికి గాలి తగులుతోంది. ముగ్గురి సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కన రెండూ ఖాళీ. రెండో స్టాపులో దానమ్మ పెద్దమ్మ ఎక్కింది. ఆమెకు క్షయ అని ఎక్స్‌రేలో తేలిందని, సూదులు వేయించుకుంటోందని చర్చిలో అందరికీ తెలుసు. ముక్కు నుంచి గడ్డం దాకా గుడ్డ కట్టుకుని ఉంది. అమ్మ కుట్టి ఇచ్చిందే. బస్సులో మాటలు ఆగిపోయాయి. ఆమె కడ్డీ పట్టుకుని అటూ ఇటూ చూసి, నన్ను చూసింది. కళ్ళు నవ్వాయి. దారి తెలియని చోట తెలిసిన మొహం కనబడితే నవ్వినట్టు. నా వైపు రెండడుగులు వేసింది.

నా ఒళ్ళో సంచి ఉంది. దాన్ని తీసి పక్క సీట్లో పెట్టాను.

ఆలోచించి చేసిన పని కాదు. కానీ చేతులు నావే. కూటం రోజు ఆమె రెండుసార్లు దగ్గడం, ఆ వెచ్చటి ఊపిరి నుదుటికి తగలడం గుర్తొచ్చాయి. పదమూడు వందల నలభై నాలుగు. ఆ అంకె నాకు ఎంత కష్టం మీద వచ్చిందో నాకే తెలుసు. ఆమె ఆగింది. సంచిని చూసింది. తరవాత నన్ను.

"మంచిగ జేసినవ్ బిడ్డా" అంది గుడ్డ వెనక నుంచి. "నా పక్కకు రాకు. ఆ కిటికీ గూడ పూరా తెరువు." అని వెనక్కి నడిచింది. కండక్టరు ఆమెకు చివరి సీటు చూపించాడు. దవాఖాన దాకా నేను వెనక్కి తిరగలేదు. దిగేటప్పుడు ముందు తలుపులోంచి దిగి, ఆమె వెనక తలుపులోంచి దిగేలోగా రోడ్డు దాటేశాను.